ఇంటూ మార్కుకి దూరంగా

ఒసేయ్,

నీ కరివేపాకు మొక్క బతికే ఉంది. ముందు అది చెప్పకపోతే మిగతా ఉత్తరం నీ తలకెక్కదని నాకు తెలుసు. రోజూ నీళ్ళు పోస్తున్నావా అని మాత్రం అడక్కు. గుర్తొచ్చిన రోజు నేను పోస్తున్నాను, గుర్తు రాని రోజు మీ పక్కింటావిడ గోడ మీంచి చెంబెడు పోస్తోంది. ఇద్దరం కలిసి దాన్ని ఒడ్డెక్కిస్తున్నాం అనుకో.

రెండో వార్త ఏమిటంటే, నా కంప్యూటర్లో విండోల నెత్తిన కొత్తగా రెండు బొత్తాలు పెట్టుకున్నాను. ఇదీ ఒక వార్తేనా, దీనికో ఉత్తరమా అంటావు. ఫోన్లో చెబితే సగంలోనే నవ్వేసి, మనవరాలు లేచిందని పెట్టేస్తావు. ఆ పిల్ల నేను మాట్లాడేటప్పుడే ఎందుకు లేస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే మధ్యలో పెట్టేసినా మళ్ళీ తీస్తావు.

నేను ఏదీ మూయనని నీకు కొత్తగా చెప్పాలా? బీరువా తలుపు, పెన్ను క్యాపు, ఆవకాయ జాడీ, అన్నీ తెరిచే ఉంటాయి. శుభలేఖలు కొట్టే మన షాపులో నా వెనకాలే వచ్చి జిగురు సీసాకి మూత పెట్టేదానివి. కంప్యూటర్ దగ్గరా అదే కథ. మొన్న లెక్కపెడితే పదిహేడు విండోలు తెరిచి ఉన్నాయి. అందులో మూడు ఖాళీవి. "ఇన్ని తెరిచి పెట్టుకుంటే ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుందే" అనేదానివి. తెలియదు. గొడవంతా అక్కడే కదా.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒకాయన వాళ్ళ తాతగారి నవల. చేత్తో రాసింది, నాలుగు వందల పైచిలుకు పేజీలు. స్కాన్ చేసి పీడీఎఫ్ ఇచ్చారు, చూసి యూనికోడ్‌లో కొట్టాలి. తాతగారివి ముత్యాల్లాంటి అక్షరాలే గానీ, దండ తెగి దొర్లిన ముత్యాలు. 'ద' కింద గీత ఉందో లేదో తెలియాలంటే పేజీని బాగా పెద్దది చేసి చూడాలి. పెద్దది చేస్తే అదే తెరంతా ఆక్రమిస్తుంది. కొట్టాల్సిన విండో దాని కింద పడిపోతుంది.

మొదటి వారం ఎలా చేశానంటే, ఒక లైను చదవడం, ఆల్ట్, ట్యాబ్ నొక్కడం, ఇటొచ్చేసరికి వాక్యంలో సగం మర్చిపోవడం, మళ్ళీ అటు వెళ్ళడం. పదిహేడు విండోలు తెరిచి ఉన్న మనిషికి ఆల్ట్ ట్యాబ్ అంటే ఏమిటో ఊహించు. అటు వెళ్ళాక ఏ లైన్లో ఉన్నానో వెతుక్కోవడం ఇంకో పని. ముప్ఫయ్యో పేజీ కొట్టాక వెనక్కి తిరిగి చదువుకుంటే నాయిక వంటింట్లోకి రెండుసార్లు వెళ్ళింది, బయటికి ఒక్కసారే వచ్చింది.

నీ అభ్యంతరాలు ఇక్కడినుంచే వినబడుతున్నాయి. రెండు విండోలూ పక్కపక్కన పెట్టుకోవచ్చుగా? విండోస్ 7 వచ్చిన 2009 నుంచీ ఆ సౌకర్యం ఉందిగా, విండోస్ కీతో ఎడమ బాణం, కుడి బాణం నొక్కితే చెరి సగం సర్దుకుంటాయిగా? సర్దుకుంటాయి. నా ల్యాప్‌టాప్ తెర ఎంతో నీకు తెలుసు. దాన్లో సగం అంటే నిలువుగా చీల్చిన పంచె. తాతగారి లైను అందులో పట్టాలంటే అక్షరం ఆవగింజంత అవుతుంది, వొత్తు ఏదో సున్నా ఏదో తెలియదు. ఇంగ్లీషు వాళ్ళకి సగం తెర సరిపోతుందేమో, మనకి అక్షరం పైనా కిందా కూడా సామాను ఉంటుంది. ఇంకో మానిటర్ కొనుక్కోవచ్చుగా అంటావు. ఎక్కడ పెట్టను? బల్ల మీద కుట్టుమిషను తల ఉంది, వడియాల డబ్బా ఉంది. వడియాల డబ్బా అక్కడెందుకుందని మళ్ళీ మొదలుపెట్టకు.

నేను పెట్టుకున్న మొదటి బొత్తాం చేసే పని చాలా చిన్నది. ఏ విండో మీద నొక్కితే ఆ విండో మిగతావాటన్నిటికన్నా పైనే ఉండిపోతుంది. నేను ఇంకో దాంట్లో టైపు చేసుకుంటున్నా అది కిందికి పోదు. మళ్ళీ నొక్కితే మామూలైపోతుంది. అంతే. పీడీఎఫ్ విండోని మూడు లైన్లు కనబడేంత పట్టీలా కుదించాను, వెడల్పు మాత్రం తెర ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉంచాను. దాన్ని తెర పైఅంచుకి చేర్చి బొత్తాం నొక్కాను. కింద కొట్టుకునే పేజీ. పట్టీ మీద మౌస్ పెట్టి చక్రం తిప్పితే తాతగారి పేజీ జరుగుతుంది, దాని మీద నొక్కక్కర్లేదు కూడా. కుట్టుమిషను పాదం కింద గుడ్డ జరిగినట్టు జరుగుతుంది చూడూ, చూస్తూ కూర్చోబుద్ధేస్తుంది. రోజుకి ఎనిమిది పేజీలు కొట్టేదాన్ని, ఇప్పుడు పద్నాలుగు దాటుతున్నాను. నాయిక కూడా వంటింట్లోకి ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లే బయటికి వస్తోంది.

ఇదంతా మా మేనల్లుడి పుణ్యం. సంక్రాంతికి వచ్చినప్పుడు నా పాత ల్యాప్‌టాప్ నత్తనడక చూడలేక, అందులో లినక్సు వేసి పైన కేడీఈ అనే డెస్క్‌టాప్ పెట్టి వెళ్ళాడు. దాని సెట్టింగ్స్‌లో విండో డెకరేషన్ల దగ్గరికి వెళ్తే నమూనాగా ఒక టైటిల్ బార్, దాని కింద బొత్తాలన్నీ కుప్పగా కనబడతాయి. కావాల్సినదాన్ని మౌస్‌తో పట్టుకుని లాక్కెళ్ళి పైన వదలడమే. అక్కర్లేనిదాన్ని కిందికి లాగేయడమే. బొమ్మల కొలువు పెట్టడం లాంటిదనుకో. ఏ మెట్టు మీద ఏ బొమ్మ అన్నది మన ఇష్టం.

బొమ్మల కొలువు అన్నాక నేను ఊరుకుంటానా? ఉన్నవన్నీ పెట్టేశాను. పైనే ఉంచేది, అన్నిటి కిందికి తోసేది, చాపలా చుట్టేసేది, అన్ని డెస్క్‌టాప్‌లలోనూ కనబడేలా చేసేది, ప్రశ్న గుర్తు, మెనూ, ఆపైన మామూలు మూడూ. తొమ్మిది. విండో పేరు రాయడానికి చోటు లేక "నవ..." అని వచ్చి ఆగిపోయింది. మేనల్లుడు వీడియో కాల్లో చూసి, "అత్తా, అది టైటిల్ బారా, మంగళసూత్రం దుకాణమా" అన్నాడు. వీడికి ఈ మాటలు ఎవరు నేర్పారో. నువ్వేనని నా అనుమానం.

అసలు తొమ్మిది పెట్టుకున్నందుకు కాదు బాధపడింది, పెట్టిన చోటుకి. పైనే ఉంచే బొత్తాన్ని ఎక్కడ పెట్టానో చెప్పు చూద్దాం? ఇంటూ మార్కు పక్కనే. నా గత చరిత్ర తెలిసిన దానివి, ఏం జరిగి ఉంటుందో నువ్వే చెప్పగలవు.

ఆ శుభలేఖ గుర్తుందా? షాపులో విండోస్ 3.1 ఉన్నన్నాళ్ళూ కుడి మూల బొత్తాం ఏమిటి? పైకి చూసే త్రికోణం. నొక్కితే విండో తెరంతా పరుచుకునేది. మూయాలంటే ఎడమ మూల అడ్డగీత ఉన్న పెట్టె మీద టకటకా రెండుసార్లు నొక్కాలి. పెద్దది చేయడానికీ మూయడానికీ మధ్య తెరంత దూరం ఉండేది. తర్వాత 95 వచ్చింది. సరిగ్గా అదే కుడి మూలలో ఇంటూ మార్కు వచ్చి కూర్చుంది, పెద్దది చేసేది ఒకడుగు ఎడమకి జరిగింది. లోకమంతా వారంలో అలవాటు పడింది. నా చెయ్యి మాత్రం 3.1లోనే ఉండిపోయింది. మాఘమాసం, ఎల్లుండి పత్రికలు పంచాలి, పేజీ కాస్త పెద్దది చేసి చూద్దామని మూలకి వెళ్ళి నొక్కాను. సేవ్ చేయాలా అని అది మర్యాదగానే అడిగింది. ఏదో అడ్డమొచ్చింది అనుకుని 'నో' కొట్టాను. తప్పు దానిది కాదు, ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి ఇద్దరం మిరపకాయ బజ్జీలు తింటూ మొత్తం మళ్ళీ కొట్టాం. నిద్రమత్తులో పెళ్ళికూతురికి పెళ్ళికొడుకు ఇంటిపేరు పడింది. "పోనీలే, ఎలాగూ మారేదే కదా" అన్నావు. ఆ మాట నేను ఇప్పటికీ పదిమందికి చెబుతుంటాను.

ఇంకో గమ్మత్తు తెలుసా, ఆ ఎడమ మూల రెండు నొక్కుల అలవాటుని వాళ్ళు పూర్తిగా తీసేయలేదు. టైటిల్ బార్ ఎడమ చివర చిన్న బొమ్మ ఉన్న విండోల్లో దాని మీద రెండుసార్లు నొక్కితే ఈ రోజుకీ మూసుకుంటుంది. నా లాంటి వాళ్ళ కోసమే ఉంచి ఉంటారు.

మూలలో ఉన్నదాని మీదికి చెయ్యి అంత తేలిగ్గా ఎందుకు పోతుందో కూడా మేనల్లుడే చెప్పాడు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడట. చేరాల్సిన చోటు ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, చెయ్యి అక్కడికి చేరడానికి అంత ఎక్కువసేపు పడుతుంది. విండో తెరంతా పరుచుకుని ఉన్నప్పుడు మూలకి మాత్రం గురి అక్కర్లేదు. మౌస్‌ని ఎంత జోరుగా తోసినా మూల దాటి పోలేదు కదా, గోడకి కొట్టిన పిడకలా అక్కడే ఆగుతుంది. అంటే తెరలో అన్నిటికన్నా తేలిగ్గా అందే చోట మూసేసే బొత్తాన్ని పెట్టుకుని, దాని పక్కన నేను రోజుకి యాభైసార్లు నొక్కే బొత్తాన్ని పెట్టానన్నమాట. నిప్పుల కుంపటి పక్కన నెయ్యి గిన్నె. రెండు రోజుల్లో పీడీఎఫ్ ఆరుసార్లు మూసుకుపోయింది. ఏడోసారి బొత్తాన్ని ఎడమ చివరికి లాగేశాను. ఇప్పుడు పైనే ఉంచేది ఎడమ కొసన, మూసేది కుడి కొసన, మధ్యలో విండో పేరు. ఎంత హాయిగా ఉందో.

ఎడమ అంటే గుర్తొచ్చింది. మీ అల్లుడి మ్యాక్‌లో బొత్తాలన్నీ ఎడమవైపే ఉన్నాయని, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డట్టుందని అన్నావు కదా. 2001లో ఓఎస్ టెన్ వచ్చినప్పటి నుంచీ అంతే. నువ్వు కంగారుపడిన ఆకుపచ్చ సంగతి వేరు. 2014లో యోసెమిటీ వచ్చాక దాన్ని నొక్కితే విండో తెర మొత్తం ఆక్రమించి, టైటిల్ బార్ కూడా దాక్కుంటుంది. మౌస్‌ని తెర పైఅంచుకి తోసుకెళ్ళి ఆపితే మళ్ళీ దిగొస్తుంది. ఆప్షన్ కీ పట్టుకుని నొక్కితే మాత్రం పాతకాలం పద్ధతిలో కాస్త పెద్దదవుతుంది, అంతే. అల్లుణ్ణి లేపి అడిగావట, అర్ధరాత్రి. షాపులో అందరికీ కీబోర్డు పాఠాలు చెప్పిన మహాతల్లివి! సరేలే, ఎవరికీ చెప్పను. ఒకరిద్దరికి చెప్పాను.

ఈ కుడి ఎడమల గొడవ మనిద్దరిదే కాదు. లినక్సులోనే ఉబుంటు వాళ్ళు 2010లో ఉన్నట్టుండి బొత్తాలన్నీ ఎడమకి మార్చారు. జనం గగ్గోలు పెట్టారు, వాళ్ళు వినలేదు. చివరికి 2017లో మళ్ళీ కుడికే తెచ్చారు. కేడీఈ లాంటిదే చేసే గ్నోమ్ వాళ్ళు 2011లో ఇంకో అడుగు వేసి, చిన్నది చేసేదీ పెద్దది చేసేదీ రెండూ తీసేసి ఒక్క ఇంటూ మార్కే మిగిల్చారు. ఆలోచించు, నా చేతికి ఆ కంప్యూటర్ ఇస్తే! ఎక్కడ గురి తప్పినా మూతే.

చివరికి కొత్తవాటిలో రెండే ఉంచుకుని మిగతావి తీసేశాను. ఆ రెండోది చాప చుట్టేది. నొక్కితే విండో ఒళ్ళంతా పైకి చుట్టుకుపోయి టైటిల్ బార్ మాత్రం, చుట్టిన చాపలా, అక్కడే నిలుస్తుంది. మళ్ళీ నొక్కితే పరుచుకుంటుంది. మినిమైజ్ చేయొచ్చుగా అంటావు. మినిమైజ్ చేస్తే కిందికి పోయి పదహారింటిలో కలిసిపోతుంది. నా సంగతి మొదట్లోనే చెప్పాను కదా, కంటికి కనబడకపోతే నాకు లేనట్టే. చాప అయితే ఉన్నచోటే ఉంటుంది, పేరు కనబడుతుంది. నిఘంటువు విండోని అలా చుట్టి పక్కన పెట్టుకున్నాను. తాతగారు ఏదో పాత మాట వాడినప్పుడల్లా పరవడం, చూడటం, చుట్టేయడం. ఇది కొత్త వింతేం కాదు, మ్యాక్‌లో 1994 నాటి సిస్టమ్ 7.5లోనే ఉండేది, 1997లో ఓఎస్ 8లో దానికి సొంత బొత్తాం కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఓఎస్ టెన్‌లో తీసేశారు. అలవాటు పడ్డవాళ్ళు ఊరుకున్నారా? విండోషేడ్ ఎక్స్ అని బయటివాళ్ళు ఒక ప్రోగ్రామ్ చేసి తిరిగి తెచ్చుకున్నారు. అలాంటి వాళ్ళంటే నాకు గౌరవం.

విండోస్‌కి కూడా ఇలాంటి బొత్తాలు తగిలించే ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి. షాపులో ఉన్న కంప్యూటర్‌కి కిందటేడు ఒకటి వేశాను, పేరు అనవసరం. అందులో విండోని గాజుపలకలా చేసే బొత్తాం ఒకటి ఉంది. కింద ఉన్నది పైదానిలోంచి కనబడుతుంది. బాగుందే అని ఇంకాస్త పక్కనున్నది నొక్కాను. అది దయ్యం బొత్తాం. విండో కనబడుతుంది గానీ తాకదు, దాని మీద ఎక్కడ నొక్కినా దాని కిందున్నదానికి తగులుతుంది. దాన్ని మామూలుగా చేసే బొత్తాం కూడా దాని మీదే ఉంది కదా మరి! నొక్కుతుంటే కింద ఎక్సెల్‌లో గడులు ఎంపికవుతున్నాయి. చివరికి ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు పీకొద్దని నువ్వు వంద సార్లు చెప్పావు, నాకు గుర్తుంది, అయినా పీకాను. ఆ ప్రోగ్రామ్‌కి ఇంకో కష్టం కూడా ఉండేది. టైటిల్ బార్ విండోస్ గీసేదైతే దాని బొత్తాలు కుదురుగా కూర్చునేవి. క్రోమ్ లాంటివి 2008 నుంచీ ట్యాబులు తీసుకెళ్ళి ఆ చోటులోనే పెట్టుకుని, పైభాగమంతా సొంతంగా గీసుకుంటాయి. వాటి మీద ఈ బొత్తాలు చీరకి ఎక్కడపడితే అక్కడ గుచ్చిన పిన్నీసుల్లా తేలుతుండేవి. కేడీఈలోనూ ఆ చిక్కు ఉంది గానీ, క్రోమ్‌లో ట్యాబుల పక్క ఖాళీలో కుడి నొక్కు నొక్కి, సిస్టమ్ వాళ్ళ టైటిల్ బారే వాడమని చెప్పొచ్చు. చెప్పాను. విన్నది.

విండోస్‌లో ఇప్పుడైతే ఇంత కష్టపడక్కర్లేదు అని నువ్వు అంటావని తెలుసు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పవర్‌టాయ్స్ విడిగా దించుకుంటే, విండోస్ కీ, కంట్రోల్, టీ కలిపి నొక్కితే చాలు, విండో పైన నిలిచిపోయి చుట్టూ రంగు అంచు వస్తుంది. 2022 నుంచీ ఉంది. మన షాపు కుర్రాడికి అదే పెట్టించాను, వాడికి సరిపోయింది. నీకూ సరిపోతుంది. నీకు గుర్తులు వేళ్ళలో ఉంటాయి, పేజ్‌మేకర్ కీలు నిద్రలో అడిగినా చెప్పేదానివి. నా వేళ్ళకి అంత బుర్ర లేదు. మూడు కీలలో రెండు గుర్తుంటాయి, మూడోది తడుముకునేలోగా ఎందుకు నొక్కుతున్నానో మర్చిపోతాను. బొత్తాం అయితే ఎదురుగా ఉంటుంది, చూస్తే గుర్తొస్తుంది. నీ దృష్టిలో అది చేతకానితనం. అవును మరి, ఎవరు కాదన్నారు?

ఒక్కటి మాత్రం నీ మాటే నిజమైంది, ఒప్పుకోక తప్పదు. పైనే ఉంచే బొత్తాం రుచి మరిగి ఒకరోజు పీడీఎఫ్‌కి నొక్కాను, నిఘంటువుకి నొక్కాను, కరెంటు బిల్లు కట్టాలని గుర్తుకోసం దానికీ నొక్కాను, మీ మనవరాలి ఫొటోకి నొక్కాను. అన్నీ పైనే. కొట్టుకోడానికి కింద జానెడు చోటు మిగిలింది. "అందరూ పీట మీద కూర్చుంటే వడ్డించేదెవరే" అని నువ్వు షాపులో అనేదానివి చూడు, సరిగ్గా అలా అయింది. ఇప్పుడు నియమం పెట్టుకున్నాను, ఒకసారికి ఒక్కటే. ఫొటోని కిందికి దించలేక కాసేపు కొట్టుకున్నాను. ఆ బుగ్గలు మీ ఆయనవి. పోలికలు నీవి రాకపోవడం ఆ పిల్ల అదృష్టం.

మిగతా కబుర్లు చిన్నవే. షాపు మెట్ల దగ్గర రోడ్డు మళ్ళీ తవ్వారు. మీ ఇంటి తాళంచెవి నా దగ్గర క్షేమంగా ఉంది, ఎక్కడ పెట్టానో ఒక్క నిమిషం ఆలోచిస్తే చెబుతాను. అమ్మాయి దగ్గర నీ ఆరు నెలలు ఎప్పుడవుతాయి? వచ్చేటప్పుడు నాకేం తేవద్దు. సరే, అంతగా అడిగితే చక్రం మెత్తగా తిరిగే మౌస్ ఒకటి తే.

ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ తాతగారి పట్టీ దీని నెత్తిన అలాగే ఉంది, దించడం మర్చిపోయాను. మూడు లైన్లు కనబడుతున్నాయి. నాయిక బావి గిలక మీద చేద వేసి, సగం లాగి, పొద్దున్నుంచీ అలాగే నిలబడి ఉంది. చేతులు నొప్పెడుతుంటాయి పాపం. వెళ్ళి ఆ నీళ్ళు తోడిస్తాను.

ఉంటానే.